తేనెకళ్ల రాయి

బైక్ దగ్గరవుతోంది!

కరుణ వెనక్కి చూడదు. చూస్తే అడుగు తడబడుతుంది. తడబడితే అంతే.

భుజం మీద గోనెసంచి. సంచిలో పసిపిల్లాడంత బరువు. పరుగుకు అది ఎగిరెగిరి వెన్నులో గుద్దుకుంటోంది.

సూరత్ పక్కన జోల్వా సందులు. అటూ ఇటూ రేకుల షెడ్లు. ప్రతి షెడ్డుకూ షట్టరు, ప్రతి షట్టరుకూ తాళం. లాక్‌డౌన్ పెట్టిన రోజు ఆగిన సాంచాలు మళ్లీ కదల్లేదు. పవర్‌లూమ్‌ని ఇక్కడి తెలంగాణ వాళ్లంతా సాంచా అనే అంటారు. అవి నడిచే రోజుల్లో ఈ సందులో గొంతు చించుకున్నా పక్క మనిషికి వినపడదు.

ఇప్పుడు తన ఊపిరి తనకే వినిపిస్తోంది... భయంకరంగా.

మాస్కు తడిసి ముక్కుకు అతుక్కుంది. గడ్డం కిందికి లాగేస్తుంది.

హెడ్‌లైట్ వెలుగు గోడ మీద పాకుతూ వచ్చేసింది!

కుడివైపు రెండు షెడ్ల మధ్య మనిషి పట్టేంత ఇరుకు. అందులోకి దూరుతుంది. కాలికింద మురుగు. ఒళ్లంతా గోడకు అదిమి నిలబడుతుంది.

ఇంజన్ ఆగింది.

"కరుణా!"

రఘుపతి గొంతు. ఆమె కండెలు చుట్టే కార్ఖానాలో జాబర్. సాంచా ఏది మొరాయించినా రెంచీ పట్టుకుని వాలిపోయే మనిషి. చిన్నప్పుడు కరుణని సైకిల్ మీద బడికి దింపిన మనిషి.

"ఏడికి ఉరుకుతవే? నీ తమ్ముడు యాదికున్నడా? జల్దీ తేల్చుకో! నా చేతుల ఏం లేదు ఇగ!"

కరుణ ఊపిరి బిగబట్టింది.

నా చేతుల ఏం లేదు...

మరి ఎవరి చేతుల్లో ఉంది?

బైక్ మళ్లీ స్టార్ట్ అయింది. హారన్ కొట్టింది. ఒకసారి... ఇంకోసారి.

కరుణ కళ్లు చిట్లించింది. పట్టుకోవాలనుకునేవాడు హారన్ ఎందుకు కొడతాడు?

ఇందాకటి నుంచీ అంతే. ఎడమకు తిరగబోతే ఎడమన బైక్. వెనక్కి మళ్లబోతే వెనక బైక్. పల్సానా రోడ్డు వైపు మాత్రం దారి ఖాళీ!

వీడు తరమడం లేదు.

తోలుతున్నాడు!

* * *

పొద్దుగూకే ముందు వెంకటవ్వ మెస్‌లో పప్పు ఏరి పెట్టి కరుణ గదికి వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. బియ్యం డబ్బా బోర్లించారు. పరుపు చీరేశారు. నేల మీది పలక పెకిలించారు.

తమ్ముడు సురేశ్ లేడు.

ఫోన్ మోగింది. వీడియో కాల్!

తెర మీద సురేశ్. నోట్లో గుడ్డ. నడుముకు గొలుసు. గొలుసు రెండో కొస సాంచా కాలికి. అది తను కండెలు చుట్టే కార్ఖానానే.

కెమెరా వెనక నుంచి రఘుపతి. "రాయి తెస్తే పిలగాడు. తేకుంటే లేడు. పోలీసుల దగ్గరికి పోతే అసలే లేడు."

కాల్ కట్ అయింది.

ఆ రాయి!

అది వాళ్ల నాయిన లింగమూర్తికి ఊళ్లో చెలక దున్నుతుంటే నాగలి కర్రుకు తగిలింది. రాయిలా ఉంటుంది, ఎత్తితే ఇనుము బరువు. సూరత్ బండెక్కుతూ దాన్ని కూడా మూట కట్టుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవాడు. ఊరిది ఏదో ఒకటి వెంట ఉండాలి కదా అనేవాడు.

కార్ఖానాలో దానికీ పని దొరికింది. సాంచా వెనక పెద్ద రోలుకు నూలు చుట్టి ఉంటుంది. దాన్నే బీము అంటారు. బీము ఊరికే తిరిగిపోకుండా, నూలు బిగువుగా రావాలంటే తాడుకు బరువు వేలాడాలి. కొందరు ఇనుప బిళ్లలు కడతారు, కొందరు దొరికిన తుక్కు కడతారు. లింగమూర్తి తన రాయి కట్టాడు.

ఏళ్లు గడిచాయి. తాడు ఒరిసి ఒరిసి రాయి ఒక పక్క నున్నబడింది. ఒకరోజు అక్కడ ట్యూబ్‌లైట్ వెలుగు పడితే కరుణ ఆగిపోయింది.

ఇనుములో కళ్లు! తేనెరంగు కళ్లు!

వెండిలాంటి వల. వల కన్నుల్లో పసుపు, ఆకుపచ్చ కలిసిన గాజు ముక్కలు. వెలుగును లోపలికి తాగుతున్నట్టు.

ఆమె ఫోటో తీసింది. ఊడివచ్చిన చిన్న పెచ్చు ఒకటి కొంగున కట్టుకుంది. రెండూ తీసుకెళ్లి సూర్యనారాయణ సార్‌కి చూపించింది.

సార్ బ్యాంకు మేనేజర్‌గా రిటైరై అమ్రోలిలో ఉంటున్నారు. ఆదివారాలు తెలుగు పిల్లలకు సైన్స్ ఊరికే చెప్పేవారు. ఆయన బీరువా నిండా ఆకాశం నుంచి పడ్డ రాళ్లే. దూది పరిచిన డబ్బాల్లో, ఒక్కొక్కటీ గుడ్డులా పెట్టుకుంటారు.

పెచ్చు చూడగానే ఆయన భూతద్దం అందుకున్నారు.

"ఉల్కల్లో రాతివి దొరుకుతాయమ్మా. ఇనుపవి కూడా నా దగ్గరున్నాయి. రాయి, ఇనుము రెండూ పెనవేసుకున్నది మాత్రం... పల్లసైట్ అంటారు దీన్ని. ఇన్నేళ్లు వెతికినా నా చేతికి రాలేదు. అసలు రాయి ఎక్కడుంది?"

"ఇట్లాంటివి సర్కారుకు ఇయ్యాలని మీరే చెప్పిండ్రు గద సార్?"

"చెప్పాను. చెప్పాననుకో..."

"నాయిన పోయినంక నేనే దాచిన సార్. ఇంట్ల భద్రంగ ఉన్నది. మ్యూజియమోళ్లకే ఇస్త."

ఆ తర్వాత ఆయన ప్రతి ఆదివారం అడిగారు. ఒక్కసారి చూస్తానమ్మా అని. ఒక్కసారి చేత్తో పట్టుకుంటానమ్మా అని.

సురేశ్ మాయమైన ఈ సాయంత్రం కూడా ఆమెకు తోచింది ఆయనే.

"సార్! సురేశ్‌ని పట్టుకపోయిండ్రు సార్! రఘుపతన్న... రాయి అడుగుతుండు!"

"ఏడవకు. నేను చెప్పేది విను. స్టేషన్‌కి ఒక్కదానివే వెళ్లకు, ఈ రోజుల్లో నీ మాట ఎవరు వింటారు? ఇల్లంతా తిరగేసి, నేల కూడా తవ్వి పోయారంటే దేనికైనా తెగించినవాళ్లమ్మా. పల్సానా రోడ్డులో లారీలు తూచే కాంటా ఒకటి మూతపడి ఉంది చూడు. రాయి తెచ్చి ఆ కేబిన్‌లో పెట్టేసి నువ్వు ఇంటికెళ్లిపో. పోలీసుల్ని నేను తీసుకొస్తాను. నీ తమ్ముడు నీ దగ్గరికొస్తాడు."

"...సరే సార్."

ఆ సరే అనడానికి ఆమెకు ఒక క్షణం ఎక్కువ పట్టింది.

ఆపైన వెంకటవ్వ మెస్ వెనక్కి వెళ్లి, సంచి నింపుకుని, భుజాన వేసుకుని బయల్దేరింది.

* * *

కాంటా!

తుప్పుపట్టిన కేబిన్. తలుపు సగం తెరిచి ఉంది. చుట్టూ చెరుకు తోట చీకటి.

కరుణ సంచిని లోపల దించుతుంది. భుజం తేలికైంది. గుండె కాలేదు.

రోడ్డు అవతల చెట్ల కింద ఒక కారు. లైట్లు లేవు. అద్దం మీద అత్యవసర సేవల పాస్ కాగితం తెల్లగా కనిపిస్తోంది.

పోలీసు జీపు లేదు. ఎక్కడా లేదు!

బైక్ వచ్చి కారు పక్కన ఆగింది.

చాలు. చూడాల్సింది చూసింది.

ఒక్క ఉదుటున చెరుకు తోటలోకి!

ఆకులు చెంపల్ని కోస్తున్నాయి. చెప్పు ఒకటి ఊడిపోయింది. రెండోది తనే విదిలించేసింది. వాళ్లు సంచి విప్పడానికి ఎంతసేపు? విప్పాక కార్ఖానాకు రావడానికి ఎంతసేపు?

పరుగు!

రాయి ఇచ్చేస్తే తమ్ముణ్ని వదులుతారా? మొహం చూపించి మాట్లాడినవాడు, పేరు తెలిసినవాడు... ఎలా వదులుతాడు? రాయి చేతికి అందిన నిమిషమే సురేశ్‌తో వాళ్లకు పని అయిపోతుంది.

అదిగో షెడ్డు. షట్టరుకు తాళం. వెనక కిటికీ ఉంది. సాంచాలు నడిచేటప్పుడు వెంకటవ్వ టీ గ్లాసులు అందించే కిటికీ. గ్లాసుల ట్రే పట్టాలని ఎప్పుడో ఒక చువ్వ పీకేశారు.

ట్రే పట్టే చోట తల పడుతుంది. తల పట్టిన చోట...

జబ్బ చీరుకుంది. అయినా లోపల పడింది!

చీకటి. నూనె వాసన. దూది దుమ్ము.

"సురేశ్!"

మూలుగు. ఆ మూలన... నాయిన నడిపిన సాంచా దగ్గర!

చేతులతో తడుముతూ నోట్లో గుడ్డ లాగేసింది.

"అక్కా... నీళ్లు."

"లేవురా. ఓపిక పట్టు."

"రాయి ఇచ్చినవా?"

"ఇయ్యలే."

"అరే యార్! నాకన్న రాయి ఎక్కువయ్యిందా నీకు?"

"నోర్మూస్కో. చావీ ఏది?"

"రఘుపతన్న జేబుల. కట్టా... నాటు తుపాకి కూడ ఉన్నదక్కా ఆని దగ్గర! బిహారోని దగ్గర కొన్నడంట. చేతుల పట్టుకోనీకే భయపడుతుండు, గని ఉన్నది!"

కరుణ గొలుసును గుంజింది. సాంచా కాలు పోత ఇనుము. గొలుసు కొత్తది. రాయితో కొడితే తెగేది కాదు.

దూరంగా కారు చప్పుడు!

అప్పుడే?

ఆమె చుట్టూ చూసింది. అరిస్తే? సాంచాలోళ్ల గదులు రెండు సందుల అవతల. ఒక్క ఆడగొంతు అంత దూరం పోదు. పోయినా... అర్ధరాత్రీ పగలూ తేడా లేకుండా పోలీసులు లాఠీలు ఆడిస్తున్న రోజులు. ఎవరు తలుపు తీస్తారు?

ఏం వింటే తీస్తారు?

ఊరికి పోదామంటే బండి లేదు. చేద్దామంటే పని లేదు. చేతులు కట్టుకుని గదుల్లో కూర్చున్నారు వాళ్లంతా. దేని కోసం చెవులు రిక్కించి ఉన్నారు?

కరుణ మెయిన్ బోర్డు దగ్గరికి ఉరికింది.

లివర్ పైకి తోసింది.

ట్యూబ్‌లైట్లు కొట్టుకుని వెలిగాయి! షెడ్డంతా తెల్లబడింది. సాంచాలన్నీ ఆ రోజు ఎలా ఆగాయో అలాగే ఉన్నాయి. సగం నేసిన గుడ్డలు. బిగిసిన నూలు. వెనక బరువులు.

"ఏం చేస్తున్నవక్కా?"

"పనిలకు పిలుస్తున్న!"

మొదటి సాంచా. పచ్చ బటన్. మోటార్ గుర్రుమంది. హ్యాండిల్ లాగింది.

ధడక్... ధడక్... ధడక్ ధడక్ ధడక్!

రెండో సాంచా. బటన్! హ్యాండిల్!

మూడోది!

వరస పొడుగునా ఉరుకుతోంది. ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. నేల అదురుతోంది. రేకులు అదురుతున్నాయి. మూగబోయిన జోల్వాలో ఒక్క షెడ్డు గొంతెత్తింది!

చివరిది... నాయిన సాంచా. బటన్. హ్యాండిల్!

షట్టరు లేచింది.

ఇద్దరు వంగి లోపలికి వచ్చారు. షట్టరు మళ్లీ కిందికి దిగింది. రఘుపతి లోపలి గడియ వేశాడు.

రెండో మనిషికి చేతి గ్లవుజులు. ముక్కు మీద మందపు మాస్కు. దాని మీద ప్లాస్టిక్ షీల్డు. చంకలో గోనెసంచి.

ఆ మనిషి రఘుపతి చెవిలో అరిచాడు. రఘుపతి పరిగెత్తి తలుపు వైపు సాంచాలు ఆపుతూ వచ్చాడు. ఒకటి... రెండు... నాలుగు...

సగం ఆగాయి. మిగతా సగం రొద చేస్తూనే ఉన్నాయి. మనిషి గట్టిగా అరిస్తే మాట వినపడేంత.

షీల్డు వెనక నుంచి ఆ గొంతు వచ్చింది.

"ఏమిటమ్మా ఇది?"

సంచి బోర్లించాడు. దడాలున నేలమీద పడింది... వెంకటవ్వ రుబ్బురోలు పొత్రం!

"ఇంకా వెల్లుల్లి వాసన వస్తోంది!"

సురేశ్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. "సార్?... సూర్యనారాయణ సార్!"

కరుణ మొహంలో ఆశ్చర్యం లేదు.

"రండి సార్. మీరే వస్తరనుకున్న."

"ఎలా?"

"తమ్మున్ని పట్టుకపోయిండ్రని చెప్పిన. ఇల్లు తిరగేసిన సంగతి చెప్పలే. నేల తవ్విన సంగతి అసలే చెప్పలే. అది మీరే చెప్పిండ్రు నాకు!"

ఆయన నవ్వినట్టు షీల్డు మీద ఆవిరి పట్టింది.

"మంచి స్టూడెంటువి. ఎప్పుడూ మూల కూర్చుని అన్నీ చూస్తుండేదానివి."

"వీణ్ని ఇడిసిపెట్టండి సార్."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"దగ్గరికి రాకు! దూరం... దూరం పాటించమ్మా. ఎక్కడెక్కడ తిరిగొచ్చావో."

ఆయన చెయ్యి చాపాడు. రఘుపతి జేబులోంచి కట్టా తీసి, ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"సార్... రాయి తీసుకుంటం, ఇడుస్తం అన్నరు. పిలగాన్ని సంపుడు మాట లేకుండె."

"నీ పెళ్లాం పిల్లలు కరీంనగర్ పోవాలా వద్దా? కారు పాస్ ఎవరిప్పిస్తున్నారు నీకు?"

రఘుపతి తల వాలింది. కట్టా చేతులు మారింది.

"థూ! గా పాస్ కోసమా అన్నా?" సురేశ్ అరిచాడు. "మా నాయిన పాడె మోసినవు గదనే!"

రఘుపతి అటు చూడలేదు.

నాటు పిస్టల్ గొట్టం వచ్చి సురేశ్ కణతకు ఆనింది. సార్ చెయ్యి చాచి, ఒళ్లు మాత్రం వెనక్కి పెట్టి నిలబడ్డాడు. గాలి కూడా తగలకూడదన్నట్టు.

"నేను దొంగను కానమ్మా. అమ్ముకునేవాణ్ని కాను. నా డబ్బాల్లో ఒక్క గడి ఖాళీగా ఉంది. ఒకే ఒక్కటి! మ్యూజియం వాళ్లు దాన్ని ఏ గోదాములోనో పడేస్తారు. నేను రోజూ చూసుకుంటాను. ఈ ఏడు ఎవరుంటారో ఎవరు పోతారో తెలీదు... నేను పోయేలోపు అది నా చేతిలో ఉండాలి. రాయి ఎక్కడ?"

కరుణ షట్టరు వైపు చూసింది.

షట్టరు వణుకుతోంది!

చప్పుడు వినపడదు. సాంచాల రొదలో ఏ చప్పుడైనా కలిసిపోతుంది. ఇనుప పలకలు మాత్రం లోపలికీ బయటికీ కదులుతున్నాయి. బయట చేతులు బాదుతున్నాయి. చాలా చేతులు!

సార్ వీపు అటే. ఆయనకు తెలీదు.

ఇంకొంచెంసేపు... ఇంకొంచెంసేపు ఆపాలి!

"చెప్తావా లేదా? మూడు లెక్కపెట్టను. లెక్కపెట్టడం సినిమాల్లో." ఆయన బొటనవేలు పిస్టల్ గుర్రాన్ని వెనక్కి లాగింది.

టిక్!

"చెప్త!"

కరుణ చెయ్యి లేచింది. వేలు నాయిన సాంచా వెనక్కి చూపించింది.

"అగో. అక్కడనే ఉన్నది. ఎన్నడు తియ్యలే. ఎక్కడ దాచలే. ఇంట్ల ఉన్నదని అబద్ధం చెప్పిన."

సార్ తల తిప్పాడు.

బీము పక్కన తాడు. తాడు చివర గ్రీజు, దూది దుమ్ము పట్టిన నల్లటి ముద్ద. సాంచా అదురుకు సన్నగా ఊగుతోంది. తాడు ఒరిసిన చోట... ట్యూబ్‌లైట్ కింద...

తేనె!

రఘుపతి నోరు వెళ్లబెట్టాడు. ఎన్నిసార్లు! ఎన్నిసార్లు ఆ బరువును తన చేత్తో ఎత్తి కట్టాడో!

సార్ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పిస్టల్ సురేశ్ కణత మీంచి జారింది. ఆయన నడవడం లేదు. ఏదో లాగుతున్నట్టు పోతున్నాడు.

సాంచా నడుస్తోంది.

అడ్డనూలు మోసే నాడె అటూ ఇటూ దూసుకుపోతోంది. చెక్క నాడె, రెండు కొసలా ఇనుప మొనలు. బిగిసిన నూలు మీద దాని పరుగు. నూలు బిగువు ఉన్నంతసేపే అది దారిలో ఉంటుంది. వెనక బరువు ఉన్నంతసేపే నూలు బిగువు.

నడిచే సాంచా బరువు ఎవరూ ముట్టరు. సాంచా ఆపాలి, నాడె తీయాలి, అప్పుడే బరువు విప్పాలి. కరుణ అది మాటలు నేర్చిన వయసులోనే నేర్చింది.

ఆమె కళ్లు తమ్ముడి కళ్లను పట్టుకున్నాయి. ఈ రొదలో పుట్టి పెరిగినవాళ్లు నోటితో మాట్లాడుకోరు. అరచేతిని బోర్లించి కిందికి నొక్కింది.

వంగు!

సురేశ్ నేలకు కరుచుకున్నాడు.

సార్ తాడు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. గ్లవుజులు పీకి పారేశాడు. ఒట్టి చేతులతో రాయిని తడుముతున్నాడు. మనవడి మొహం తడిమినట్టు.

కరుణ అరవకూడదనుకుంది.

అరిచేసింది!

"సార్! సాంచా ఆపకుండ తియ్యొద్దు! తియ్యొద్దు సార్!"

అవతల రఘుపతి రెండు చేతులూ గాల్లో ఊపుతున్నాడు. అడ్డంగా... అడ్డంగా! అదే మాట. వద్దు! వద్దు!

ఆయనకు వినపడలేదు. ఆ చేతుల భాష ఆయనకు రాదు.

తాడు ముడి ఊడింది.

పిస్టల్ ఉన్న చేతినీ, లేని చేతినీ కింద పెట్టి రాయిని రొమ్ముకు ఎత్తుకుని లేచాడు సార్. షీల్డు వెనక కళ్లు మూసుకుపోయాయి. ఒక అడుగు పక్కకు వేశాడు. సాంచా చివరి వైపు.

బీము గిర్రున తిరిగింది.

నూలు అలలా కిందికి వాలింది.

నాడె ఎగిరింది!

ఫట్!

ప్లాస్టిక్ షీల్డు ముక్కలు... అదే క్షణంలో...

ధాం!!

పిస్టల్ పేలింది!

సార్ వెనక్కి పడ్డాడు. రాయి ఆయన చేతుల్లోంచి జారి నేలను గుద్దింది.

సురేశ్ కదలడం లేదు.

"తమ్మీ!"

కరుణ మోకాళ్ల మీద జారుతూ వెళ్లింది. తల పట్టుకుంది. మెడ తడిమింది. వీపు తడిమింది. చేతికి తడి తగిలింది!

"ఓ... ఓ సురేశ్!"

"చెమటనే అక్కా..." నేలలోకే గొణిగాడు. "లేవొచ్చునా ఇగ?"

ఆమె వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.

పైన రేకుకు రూపాయి బిళ్లంత చిల్లు పడింది.

రఘుపతి పారిపోలేదు. ముందు నాయిన సాంచా హ్యాండిల్ కొట్టాడు. తర్వాత దాని పక్కది. దాని పక్కది. చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి. అన్నీ ఆగేదాకా ఆగలేదు. ఆఖరిది ఆగాక గోడకు జారగిలబడి, జేబులోంచి తాళంచెవి తీసి, ఆమె వైపు నేల మీద జార్చాడు.

నిశ్శబ్దం.

ఇప్పుడు వినిపించింది. షట్టరు మీద బాదుడు.

గడియ విరిగింది. షట్టరు ఎగిరి పైకి పోయింది.

లుంగీలు. మొహాలకు తువ్వాళ్లు. గుంపు. ఒకడు నడుముకు కత్తెర కూడా కట్టుకుని వచ్చేశాడు. అందరికన్నా ముందు వెంకటవ్వ, ఆయాసపడుతూ.

"సాంచాల సప్పుడైంది... పని షురువైందా బిడ్డా?"

ఆమె కళ్లు నేల మీది నెత్తురు మీద పడ్డాయి. గొలుసు మీద. పిస్టల్ మీద. తన పొత్రం మీద.

"ఓ మల్లన్నా... ఏందే ఇది?"

వెనక ఎవరో అప్పటికే పోలీసులకు ఫోన్ కలుపుతున్నారు.

సూర్యనారాయణ సార్ ఇంకా ఊపిరి తీస్తున్నాడు. కణత చీలింది. ఒక కన్ను మూసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆయన చెయ్యి ఆ కంటి మీదికి పోలేదు. నేల మీద వెతుకుతోంది. దుమ్ములో, దూదిలో, అటూ ఇటూ.

"అమ్మా... కరుణా..."

ఆమె తాళంచెవి తీసుకుంది.

"పడిపోయిందమ్మా... పగిలిందా? ఒక్కసారి చూసి చెప్పు. పగిలిందా?"

తాళం బిగుసుకుని ఉంది. కరుణ రెండు చేతులతో తిప్పింది.

కట్!

గొలుసు సురేశ్ నడుము మీంచి జారిపోయింది.

"నేను చూడలే సార్."